ఓడ మన కోసం ఆగుతుందా?

కోవిడ్ రావడానికి ముందు ఏడాది జనవరిలో, సింగపూర్‌లో నేను పనిచేస్తున్న ట్రావెల్ సంస్థ నన్ను విమాన టికెట్ల విభాగం నుంచి తీసి క్రూయిజ్ విభాగంలో సీనియర్ కన్సల్టెంట్‌గా వేసింది. హోదా పేరు పెద్దదే. నా పైన మేనేజరు, ఆయన పైన డైరెక్టరు ఉండేవారు. నా కింద ఎవరూ లేరు. ఊళ్ళో టోవా పాయో అనే పేటలో, మార్కెట్ పక్కన మా శాఖ. ఓడలో గది, తిండి, వినోదం అన్నీ ఓడ కంపెనీయే చూసుకుంటుంది. చిక్కల్లా ఓడ బయల్దేరే రేవు దాకా చేరుకోవడంలోనే ఉంటుంది.

అక్కడికి విమాన టికెట్టు రెండు రకాలుగా కొనవచ్చు. ఓడ కంపెనీలకు సొంత ఎయిర్ డెస్క్ ఉంటుంది. గదితో పాటు టికెట్టు కూడా వాళ్ళ దగ్గరే తీసుకుంటే, ఏ విమానం, ఏ దారి అన్నది వాళ్ళే నిర్ణయిస్తారు. రోజు మార్చమని అడగడాన్ని మా వృత్తిలో డీవియేషన్ అంటారు. అడిగితే ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. రెండోది, మన టికెట్టు మనమే కొనుక్కోవడం. అందులో స్వేచ్ఛ మనది, తిప్పలూ మనవే.

ఈ రెంటి మధ్య ఒక మూఢనమ్మకం తిరుగుతుండేది: కంపెనీ ద్వారా టికెట్టు కొంటే, విమానం ఆలస్యమైనా ఓడ ఆగుతుందని. అమ్మేవాళ్ళు చెప్పేవారు, కొనేవాళ్ళు నమ్మేవారు, ఇద్దరూ సుఖంగా ఉండేవారు. ఓడ ఆగదు. ఒకే విమానంలో చాలామంది వస్తుంటే ఎప్పుడైనా కెప్టెన్ కాసేపు ఆపవచ్చు. అది ఆయన దయ, మన హక్కు కాదు. నేను హేతువాద సభల్లో, చర్చావేదికల మీద పెరిగినదాన్ని. రుజువు లేని మాటను నోటితో అనడం నాకు చేతకాలేదు. మా మేనేజరుకు నా మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే. అబద్ధం చెప్పమనడం లేదు, నోరు మూసుకుంటే చాలంటున్నాను అని మెత్తగా ఇంగ్లీషులో చెప్పేవాడు.

ఆ వసంతంలో, సింగపూర్‌లోనే ఉన్న యీషున్ పేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. చంద్రశేఖర్ ఒక బ్యాంకు రిస్క్ విభాగంలో అధికారి. భార్య పద్మజ. వెంట చంద్రశేఖర్ తండ్రి రాఘవయ్యగారు, నెల్లూరు వైపు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరై, కొడుకు దగ్గరే ఉంటున్నారు. గ్లాకోమా వల్ల ఆయన చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుకుంటూ వస్తోంది. ఇక చూపు ఉండేది కొద్దికాలమేనని డాక్టర్లు చెప్పారట. యాత్ర ఆయన కోసమే.

"హిమానీనదం అని బోర్డు మీద రాసి ఏటేటా పిల్లకాయలకు చెప్పాను తల్లీ," అన్నారాయన. "మంచు నదిలాగా కదులుతుందని చెప్పాను. ఎట్టా కదులుతుందో నాకే తెలవదు. చూపుండంగా ఒకసారి దాని ముందు నిలబడితే చాలు."

కోపెన్‌హాగన్‌లో బయల్దేరి నార్వే వెళ్ళే ఓడ ఒకటి చూపించాను. దాని మొదటి మజిలీయే హిమానీనదం కనబడే చిన్న ఊరు. ఎయిర్ డెస్క్ ఇచ్చిన విమానం ఓడకు ఒకరోజు ముందే వాళ్ళను కోపెన్‌హాగన్‌లో దించుతుంది. ఇంతకన్నా మంచి టికెట్టు నేను అడిగినా దొరకదు. చంద్రశేఖర్ వెంటనే ఒప్పుకోలేదు. ఫోన్ తీసి పంచాంగం యాప్ తెరిచాడు.

"వర్జ్యం అప్పటికే అయిపోతుంది. రాహుకాలం లేదు. పర్‌ఫెక్ట్ అక్కా, కొట్టెయ్యండి," అన్నాడు.

ఆ వయసుకు నేను వర్జ్యం మీద చేయవలసిన వాదనలన్నీ చేసేసి ఉన్నాను. అనవలసింది పద్మజ అంది, మొగుణ్ణి ఏడిపించడానికి.

"ముందు దాంట్లో ఊరు చూడండి స్వామీ. ఇంకా హైదరాబాదే ఉంది. మనకు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చి ఇన్నేళ్ళయినా మీ వర్జ్యానికి ఇంకా వీసా రాలేదు."

అందరం నవ్వాం. చంద్రశేఖర్ నవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఈ మనిషి ఇంటర్వ్యూలకు వెళ్ళిందీ, ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చిందీ హైదరాబాదు గడియారం చూసి. దాన్నిబట్టి ఆ యాప్ విలువేమిటో తెలుసుకోవడానికి అదొక మంచి అవకాశం. అతను మాత్రం యాప్‌లో ఊరు సింగపూర్‌కు మార్చాడు. రెండు ఊళ్ళ గడియారాల తేడా కొద్దీ వర్జ్యం రెండున్నర గంటలు జరిగి, సరిగ్గా ఇంటి నుంచి బయల్దేరే వేళ మీద కూర్చుంది. పద్మజ నాలిక కరుచుకుంది.

"దానికేందిరా," అన్నారు రాఘవయ్యగారు. "మా నాయన కాలంలో ప్రస్థానం పెట్టేవాళ్ళు. మంచి టయానికి సంచీ తీసకపోయి పక్కింట్లో పెట్టేస్తే బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు పోతే ఏంది? నా చేతిసంచీ ఈ అమ్మాయి ఆఫీసులో పెట్టిపోదాం."

"పెట్టండి, నేను చూసుకుంటాను," అన్నాను. హేతువాదిగా నా జీవితంలో అలాంటి మాట అనడం అదే మొదలు.

"అట్టాంటిదేం లేదు నాన్నా యాప్‌లో," అన్నాడు చంద్రశేఖర్.

పాత మూఢనమ్మకానికి కనీసం ఒక దొడ్డిదారి ఉండేది. బుద్ధి ఉన్న పెద్దవాళ్ళు, అవసరం పడినప్పుడు మర్యాదగా తప్పించుకోవడానికి ఆ దారి వదిలి ఉంచారు. చదువుకున్నవాడి చేతిలోని యంత్రం దాన్ని కూడా మూసేసింది.

చంద్రశేఖర్ పట్టుబట్టడంతో, ప్రయాణాన్ని ఒకరోజు వెనక్కి జరపమని డీవియేషన్ అడిగాను. ఓడ బయల్దేరే రోజునే దించే విమానం తాము ఇవ్వమని ఎయిర్ డెస్క్ తిరస్కరించింది. వాళ్ళకు ఆ నియమం ఊరికే రాలేదు. ఆ సంగతి చెప్పేలోపే చంద్రశేఖర్ అడిగాడు.

"నిజం చెప్పండక్కా. కంపెనీ టికెట్టయితే ఓడ మన కోసం ఆగుతుందా?"

"ఆగదు," అన్నాను.

"మరింకేంది తేడా!"

తేడా చెప్పాను. తప్పిపోతే మిమ్మల్ని వెతికి, వేరే విమానం ఎక్కించి, తర్వాతి రేవులో ఓడకు చేర్చే పూచీ వాళ్ళది. సొంత టికెట్టయితే ఆ పూచీ మీది. సొంతంగా కొన్నా తప్పులేదు, ఒకరోజు ముందు చేరండి, మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉండనివ్వండి. అప్పటికే అతను ఫోన్‌లో విమానాలు వెతుకుతున్నాడు. గల్ఫ్ దాకా ఒక సంస్థ, అక్కణ్ణుంచి ఇంకో సంస్థ, రెండు విడి టికెట్లు. ఓడ సాయంత్రం కదా, మధ్యాహ్నానికే దిగుతాం, బోలెడంత టైమన్నాడు.

"బ్యాంకులో మీరు చూసేది ఏ విభాగమన్నారు?" అని అడిగాను.

"రిస్క్," అన్నాడు గర్వంగా.

"ఇంట్లో మాకు ఈయనే రిస్క్," అంది పద్మజ.

ప్రయాణం రోజున మొదటి విమానం సాంకేతిక లోపంతో చాంగి విమానాశ్రయంలోనే గంటల తరబడి నిలిచిపోయింది. మంచి వేళకు ఇంట్లోంచి బయల్దేరినవాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. గల్ఫ్ చేరేసరికి రెండో విమానం వెళ్ళిపోయింది. విడి టికెట్టు కాబట్టి రెండో సంస్థ లెక్కలో వాళ్ళు ఆలస్యమైనవాళ్ళు కాదు, రానివాళ్ళు. టికెట్టు రద్దయింది. కొత్తది కొనుక్కుని కోపెన్‌హాగన్‌లో దిగేటప్పటికి ఓడ సముద్రం మీద ఉంది.

పద్మజ ఫోన్ చేసింది. నేను ఓడ కంపెనీ అత్యవసర విభాగానికి చేశాను. బుకింగ్ నంబరు తర్వాత వాళ్ళడిగిన మొదటి ప్రశ్న, విమానం మా ద్వారానా అని. కాదన్నాను. అవతలి అమ్మాయి గొంతు మర్యాదగానే ఉంది, కాని ఆ తర్వాత ప్రతి వాక్యమూ "ప్రయాణికులే చూసుకోవాలి" అన్నచోట ముగిసింది. మొదటి మజిలీలో కలుసుకుంటామని బతిమాలాను. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు, జనాన్ని చిన్న పడవల్లో దించుతారు. కొత్త ప్రయాణికుల్ని అక్కడ ఎక్కించుకోరు. రెండో మజిలీలో ఎక్కడానికి అనుమతి ఇప్పించగలిగాను. నా హోదాతో చేయగలిగింది అంతే. హిమానీనదం మొదటి మజిలీలో ఉంది.

తిరిగొచ్చాక రాఘవయ్యగారు కోడలితో కలిసి ఆఫీసుకు వచ్చి, నేను పడిన శ్రమకు కృతజ్ఞత చెప్పారు. రేవులు చూశారట, చేపల మార్కెట్టు చూశారట, రంగురంగుల చెక్క ఇళ్ళు చూశారట. "నదే మిస్సయింది తల్లీ," అన్నారు. చంద్రశేఖర్ ఏమనుకుంటున్నాడని అడిగాను.

"ఆయనా? యాప్‌లో ఊరు మార్చకుండా ఉండాల్సిందంటున్నారక్కా," అంది పద్మజ. "పుట్టిన దేశపు వర్జ్యమే మనుషులకు పనిచేస్తుందంట."

నష్టం మనిషికి బుద్ధి నేర్పుతుందని సభల్లో మేం చెప్పేవాళ్ళం. నేర్పదు. నమ్మకం నష్టాన్ని కూడా తన ఖాతాలోనే జమ చేసుకుంటుంది.

మరుసటి ఏడాది మళ్ళీ వెళ్దామనుకున్నారు. కోవిడ్ వచ్చింది, ఓడలు రేవుల్లో నిలిచిపోయాయి. అవి తిరిగి కదిలేనాటికి పెద్దాయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. కొడుకు నార్వే టికెట్ల మాట ఎత్తితే ఆయన అన్న మాట పద్మజ నాకు చెప్పింది: "నాకు ఎందుకులేరా. ఇప్పుడు ఏ వేళకు బయల్దేరినా ఒకటే."

మా మేనేజరు అంతా విని, ఆగుతుందని నువ్వొక్క మాట అని ఉంటే ఆ ముసలాయన మంచు చూసి ఉండేవాడన్నాడు. నిజమే. ఒక మూఢనమ్మకాన్ని ఇంకొక మూఢనమ్మకంతో గెలవవచ్చు, నా వృత్తిలో చాలామంది రోజూ చేసేది అదే. నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడు అడిగినా అనను.

అయితే చెప్పే క్రమం మార్చుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఓడ ఆగుతుందా అని ఎవరడిగినా, తప్పిపోతే మీరు ఎవరికి ఫోన్ చేస్తారని ముందు నేనడిగేదాన్ని. వాళ్ళు జవాబు వెతుక్కుని, కంపెనీ టికెట్టయితే ఆ పూచీ కంపెనీదని తెలుసుకున్నాకే, ఆగదని చెప్పేదాన్ని. రెండూ నిజాలే. ఏది ముందు చెప్పాలన్నది కూడా ఉద్యోగంలో భాగమే.