మా అయస్కాంతాల అక్క

అక్క పోయిందని పోయిన ఆదివారం పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అక్కతో కలిసి పరిశోధన చేసింది నేను. కబురు ముందు చేరింది మాత్రం మా అమ్మాయికి. అంత దుఃఖంలోనూ ఆ సంగతి నాకు చురుక్కుమంది.

తొంభైలలో బెంగళూరులో ఒకే గైడు దగ్గర ఇద్దరం పీహెచ్‌డీ చేశాం. అప్పటికే నేను చంటిపిల్ల తండ్రిని. అక్క పాత బెంగళూరు నేతవాళ్ల ఇంటి ఆడపడుచు, నాకు సీనియర్. అయస్కాంతాన్ని వేడిచేస్తూ పోతే ఒక వేడి దగ్గర దాని గుణం పోతుంది. లోపల వేరే పరమాణువులు చెదురుమదురుగా కలిసి ఉంటే ఆ మలుపు దగ్గర ఏమవుతుందన్నదే మా పని. నేను వారాల తరబడి కంప్యూటర్ మీద లెక్కలు నడిపేవాణ్ణి. అక్క కాఫీ తాగుతూ కాసేపు కిటికీలోంచి చూసి, జవాబు ఇట్లా ఉంటుందనేది. అట్లాగే ఉండేది. నాకు ఒళ్లు మండేది.

నా సెమినార్ రోజున, ఆ వేరే పరమాణువులను ఒక్కోదాంట్లో ఒక్కో విధంగా చెదరేసిన నమూనాలన్నిటికీ సగటు తీసి అందమైన గీత చూపించాను. గైడుగారు తల ఊపుతున్నారు. అక్క లేచింది.

"సగటు బాగుండాదప్పా. విడివిడిగా సూస్తివా?"

"ఎందుకక్కా? అన్నీ పెద్ద నమూనాలే కదా, తేడాలేముంటాయి!"

"ఎంత పెద్దవైనా ఆ వేడి దగ్గర ఒక్కోదాని తీరు ఒక్కో రకంగా ఉండాది. సగటు దాన్ని దాచిపెడతాది."

చూశాను. నిజమే. నా థీసిస్‌లో ఇవాళ్టికీ నిలిచిన అధ్యాయం అదే. గైడుగారు మెచ్చుకున్నది మాత్రం అక్కని.

తర్వాత నేను పెద్ద సంస్థలో చేరాను, అక్క బొమ్మనహళ్ళి దగ్గర ఒక కాలేజీలో. ఇక పోటీ తీరిందనుకున్నాను. ఏళ్లు గడిచి, మా అమ్మాయి ఆ కాలేజీలోనే చేరింది. నేను ఫిజిక్స్ చెబితే ఆవలించే పిల్ల, అక్క క్లాసుకు పరుగెత్తేది.

"నువ్వు జవాబు చెప్పేస్తావు నాన్నా. మేడం నన్ను అడుగుతారు" అంది ఒకసారి.

ఆ మాట అక్కతో అంటే నవ్వింది. "నీ కూతుర్ని నేనేమన్నా ఎత్తుకుపోతినా అప్పా? సాయంత్రానికి నీ ఇంటికే వస్తాది కదా!"

వచ్చేది, నోటినిండా అక్క మాటలతో. నా బిడ్డకు ఆలోచించడం నేర్పిన మనిషికి ఎంత రుణపడ్డానో తెలుసు. అసూయా అంతే ఉండేది.

శ్మశానంలో ఎక్కడ చూసినా ఆమె విద్యార్థులే. మా అమ్మాయి వస్తుంటే చేతులు చాచాను. నన్ను దాటిపోయి, నేనెరుగని ఒక పిల్ల భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఆ పిల్ల మా అమ్మాయి చెవిలో ఏదో అంది. ఇద్దరూ ఏడుస్తూనే ఫక్కున నవ్వారు. అక్క మాటే అయ్యుంటుంది. నాకు వినపడలేదు.