చింతపండుతో తోమిన రూపాయి

వెండి రూపాయి బరువు ఒక్క తులం. ఇన్నేళ్లుగా దాన్ని మోయలేక చస్తున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కుంఠా నాకా కూడలి దగ్గర మాకూ నర్సవ్వ పెద్దమ్మకూ ఒకటే గోడ. ఆమె బీడీలు చుట్టేది, నేను మగ్గం నడిపేవాడిని. పాత వెండి రూపాయలు పోగుచేయడం నా పిచ్చి. ఆమె దేవుడి దగ్గర పెట్టుకునే రూపాయి వాళ్ల అత్తగారిచ్చింది. ఒక దీపావళి ముందు ఆమె చెయ్యి తెగి, తను తోమలేక, దాన్ని తోమి తెమ్మని నాకిచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. ఇంగ్లీషు రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనబడుతోందని సర్కారు వెనక్కి తీసుకున్న రూపాయి అది! నాలాంటి వాళ్లు జన్మంతా వెతికేది.

అది దాచేశాను. అదే రాజు బొమ్మతో నా దగ్గరున్న మామూలు రూపాయిని, బాగా అరిగినదాన్ని, చింతపండుతో తళతళా తోమి ఇచ్చాను. బాగా తోమానని మెచ్చుకుంది కూడా.

ఏటేటా చింతపండు పులుపుకు పాడైపోతున్న దాన్ని కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నమ్మితే మా ఆవిడకైనా ఎందుకు చూపించలేదు? దాన్ని పెట్టెలోంచి తీసిన ప్రతిసారీ తలుపు గొళ్లెం ఎందుకు పెట్టుకున్నాను?

తర్వాత ఆమెకు కుంభారిలో, బీడీ కార్మికులకు కట్టిన కాలనీలో ఇల్లు వచ్చింది. అంతా ఆ రూపాయి చలవేనని అందరికీ చెప్పేదట. మొన్న దీపావళికి ఉండబట్టలేక అసలుది జేబులో వేసుకుని బస్సెక్కాను. ఆమెకు చూపు మందగించింది. చేతిలో పెట్టాను.

“పెద్దమ్మా, గిది నీదే.”

బొటనవేలితో రాజు మొహం తడిమింది. “మాది కాదు బిడ్డా. మాది నున్నగుంటది. రోజు ముట్టుకుంట, నాకు ఎరుక లేదా?”

“నీదే పెద్దమ్మా, అప్పుడు నేను…”

“ఏంది బిడ్డా, నా దగ్గర ఏం లేదనుకున్నవా? నీది నువ్వు పెట్టుకో. మా లక్ష్మి మాకున్నది.”

మార్చేశానని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే, ఆమె ఇన్నేళ్లు మొక్కింది నేను అంటగట్టిన బిళ్లకని చెప్పినట్టే కదా? లేక ఇది కూడా నా పిరికితనానికి సాకేనా? తెలియదు. ఆమె నా గుప్పిట మూసి, పండక్కి చేసిన తీపి శంకర్‌పాళీ పెట్టింది. తిని వచ్చేశాను.

రూపాయి మళ్లీ నా పెట్టెలోనే ఉంది. అమ్మబుద్ధి కాదు, చూడబుద్ధి కాదు. దొంగతనం చేశాను. ఆ మాట ఆమె ఇంట్లో అనాల్సింది, ఇక్కడ రాశాను. కొంచెం ఊపిరాడుతోంది, అంతే.