జోగమ్మ ఆడిన అబద్ధం

మనవాళ్ళు కూలికి వలసపోయిన హిందీ ఊరు పర్సుడీహ్‌లో తవిటయ్య మున్షీ అంటే కూలీలకు హడలు. కాంట్రాక్టరు పనుల దగ్గర హాజరు రాసేదీ, శనివారం కూలి పంచేదీ అతనే. ఇటుకలు మోసే ఆడవాళ్ళను అక్కడ రేజాలంటారు. రిజిస్టరులో రేజాకీ మగకూలీకీ ఒకటే రేటు. చట్టం అలా ఉంది మరి, రాయక చస్తారా! చేతికి మాత్రం రోజుకు వంద తక్కువ, ఆ మిగులు కాంట్రాక్టరుకే. ముందు వేలిముద్ర, తర్వాత డబ్బు. ఏడేళ్ళుగా పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగిపోతోంది. ఆ రేజాల్లో సొంత మేనత్త జోగమ్మ ఒకతె. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమెకూ వంద కోసేవాడు. మహానుభావుడు, చుట్టరికం చూడడు!

ఒక బుధవారం దగ్గర్లోని కద్మా పేటలో ప్రహరీ గోడ కడుతుంటే లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రిజిస్టరు తిరగేసి, మగవాళ్ళతో సమానంగా ఇస్తున్నారా అని నేరుగా జోగమ్మనే హిందీలో అడిగాడు. ఆమె నిజం చెబితే కాంట్రాక్టరు ఎలాగోలా తప్పుకుంటాడు, ఇరుక్కునేది మున్షీయే. జోగమ్మ తట్ట దించి మేనల్లుడి వంక చూసింది.

"బరాబర్ మిల్తా హై సాబ్" అంది, సమానంగానే ఇస్తున్నారని.

మిగతా ఆరుగురు ఆడవాళ్ళూ నేలచూపులు చూశారు. పెద్దామె చెప్పాక కాదనేదెవరు? ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు.

బతుకుజీవుడా అనుకోవాలి కదా. తవిటయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సయించలేదు. సిగ్గుతో కుమిలేవాడికి బుద్ధి రావాలి గానీ, ఇతనికి తెలివితేటలొచ్చాయి. శనివారం జోగమ్మ కూలిలో ఆ వారం కోత ఆరువందలూ తన జేబులోంచి కలిపి, ఎవరికీ కనబడకుండా ఆమె గుప్పిట్లో పెట్టాడు.

ఆమె అక్కడే గుప్పిట విప్పి చూసుకుంది. వెనక వరసలోని ఆడవాళ్ళను చూపించి, మరి వీళ్ళకో అని అడిగింది. అది తన చేతుల్లో లేదని నసిగాడు తవిటయ్య. ఆమె ఆరువందలూ వేరుచేసి రిజిస్టరు మీద పెట్టేసింది.

"ఒరే తవిటీ, నాను అబద్దం ఆడింది నీకోసం. ఇది పుచ్చుకుంటే నాకోసం ఆడినట్టవుతాది. ఈళ్ళ మొకాలు ఎలా సూడ్డంరా?"

గట్టిగా కూడా అనలేదు. అయినా అందరూ విన్నారు. తవిటయ్య ఆ నోట్లు తీసుకోలేకపోయాడు, తలెత్తలేకపోయాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఆ నోట్లు పక్కకు జరిపి, వేలిముద్ర వేసి, ఎప్పటిలాగే తక్కువ కూలి తీసుకుని వెళ్ళారు.