దాజీ పేట్‌లో దాఖలా

పొద్దున 6:10కి హైదరాబాద్‌లో షోలాపూర్ బస్సెక్కాను. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాక, అక్కా బావా రెండు నెలల కిందట తువ్వాళ్లు నేసే పనికి అక్కడికి వెళ్లారు. వాళ్ల కూతురు మౌనికను తొమ్మిదో తరగతిలో చేర్చాలి. గడువు ఆ సాయంత్రం ఐదు. నా సంచిలో నాలుగు కాగితాలు: ఆధార్, పుట్టిన తేదీ పత్రం, కులపత్రం, మార్కుల జాబితా. "బడిల పేరు దాఖలైంది తమ్మీ, కాయిదాలియ్యాలె" అని అక్క ఫోన్‌లో చెప్పింది కాబట్టి, కొత్త బడికి టీసీ ఇచ్చే ఉంటారనుకున్నాను.

8:40కి జహీరాబాద్‌లో ఇడ్లీ. పక్క సీటులో షోలాపూర్ విడీ ఘర్కుల్ కాలనీ పెద్దావిడ, బీడీలు చుడతారట. నేనెందుకు వెళుతున్నానో విని అన్నారు: "జల్ది పో బిడ్డా. ఇస్కూల్ తప్పిందంటె నా లెక్కనే బీడీల చాట ముంగట కూసుంటది."

ఉమర్గా దాటాక లారీ అడ్డంపడి గంట పోయింది. 2:05కి దిగి, షేర్ ఆటోలో కొంతం చౌక్, అక్కణ్నుంచి నడక. దాజీ పేట్ చేరేసరికి రెండున్నర.

అక్క బడి గుమస్తా ఇచ్చిన చీటీ చూపింది. హిందీ అక్షరాలే. 'దాఖలా, ఐదు లోపు.' హిందీలో దాఖిలా అంటే ప్రవేశం, ఇంకేముంది, పదండన్నాను. మౌనిక కదల్లేదు. ముందు వాచనాలయంలో అడుగుదామంది. కొత్తగా వచ్చినవాళ్లు ఫారాలు చదివించుకునే చిన్న గ్రంథాలయం అది, రెండు సందుల అవతల.

గ్రంథపాలకురాలు రుక్మిణిబాయి, తెలుగావిడే, అక్క చెప్పింది విని, చీటీ చూసి కళ్లద్దాలు తీశారు.

"దాఖలు కాదమ్మా, దాఖలా. మరాఠీల దాఖలా అంటె పాత ఇస్కూల్ ఇచ్చే కాయిదం. మీ టీసీ. గది తెమ్మంటున్నరు."

టీసీ సిరిసిల్లలో ఉంది. కాగితాల కోసం మొన్న శనివారం నేనూ అక్కడే ఉన్నాను, దీన్ని అడగనే లేదు. పాత బడికి ఫోన్ చేస్తే, తల్లో తండ్రో వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలన్నారు. అప్పుడు 3:05.

అక్క ముఖం చూసి రుక్మిణిబాయి, "నువ్వొక్కదానివే గాదు, ఇంతకుముందు ముగ్గురు గిట్లనే ఆగమైన్రు" అంటూ ఒక ఫైలు తెచ్చారు. లోపల వెనకటివాళ్లు మరాఠీలో రాసుకున్న అర్జీల నకళ్లు. గడువు అడిగే అర్జీ తీసి మౌనిక ముందు పెట్టారు. నేను రాస్తానంటే వద్దన్నారు: "పిల్లనే రాయనీ. ఆమె అక్షరం సూస్తె సదువుకునే పిల్లని పెద్దసార్‌కు ఎరుకైతది."

రెండుసార్లు తప్పుపోయింది. మూడో కాగితం 4:20కి పూర్తయింది. 4:45కి బడి గుమస్తా దాన్ని చదివి, లోపలికి తీసుకెళ్లి, తిరిగొచ్చి ముద్ర వేశాడు. ఎనిమిది రోజుల గడువు.

6:30 బస్సుకు అక్కా నేనూ బయలుదేరాం. బావకు పని వదిలే వీల్లేదు, సంతకం ఆమే పెట్టాలి. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: మనకు తెలిసిన మాటే అయినా ఆ ఊళ్లో అర్థం అడగండి, అడగడానికి వాచనాలయం ఉంది.

నల్‌దుర్గ్ దాటాక అక్క అడిగింది: "ఎనిమిది రోజులంటె ఇయ్యాల్టితోనా, రేపటికెల్లి లెక్కనా?"

అది నేను అడగలేదు. ఇవాళ్టితోనే అనుకుందామన్నాను.