ప్రతి పేజీ కిందా పేరు

గిద్దలూరులో ఎక్కిన బస్సులో పక్క సీటామె ఫోను మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు. "అందరూ తెలియనోళ్ళే అక్కా," అంది నీరసంగా.

పిల్లలు లేనివాళ్ళ ప్రార్థనల పుస్తకం ఒకటి, ఇంట్లో కూడా చెప్పకుండా ఫోనులోనే చదివే పీడీఎఫ్‌గా కొనుక్కుందట. ఎవరూ కాపీ చేయకూడదని, కొన్నవాళ్ళ పేరూ నంబరూ ప్రతి పేజీ కిందా వేసి పంపుతారట. అది గమనించక, తనలాంటి ఒకావిడకు పంపింది. ఆవిడ మంచి మనసుతో జిరాక్సులు తీయించి అర్ధవీడు ప్రార్థన కూటంలో పంచింది.

"ఇప్పుడు ఒకామె ఓదారుస్తాది, ఒకాయన మందిస్తానంటాడు. తిట్టేదానికి కూడా లేదక్కా, అందరూ మంచోళ్ళే."

మళ్ళీ మోగింది. చూడకుండానే కట్ చేసింది.

రాచర్లలో ఆమె లేస్తుంటే అలవాటు కొద్దీ అడిగాను, "నీ పేరేంటమ్మా?"

"పేరొద్దులే అక్కా," అని దిగిపోయింది.