కరెంటు పోయిన ఆటకు సున్నా

మొన్న రెండో శనివారం మధ్యాహ్నం తార్నాకలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, పదకొండేళ్ళ మనవరాలు సెల్‌ఫోనులో ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని గోడ గడియారం చూసి లెక్క వేశాను. నలభై నిమిషాల ఆటలో పదిహేడు ప్రకటనలు వచ్చాయి, అవి పదకొండు నిమిషాలు మింగాయి. తెరిచినందుకే ఒక బహుమతి, మూస్తానంటే పోవద్దని ఇంకొకటి, ఏమీ గెలవకుండానే తెర నిండా రంగు కాగితాల వాన. అన్నిటికన్నా రోత పుట్టించింది వేరే ఉంది. పరుగెత్తే బొమ్మ గుంటలో పడి చచ్చిపోతే, ముఖానికి పూసుకునే ఏదో క్రీము ప్రకటన అర నిమిషం చూస్తే చాలు, మళ్ళీ లేచి అక్కడి నుంచే పరుగెడుతుంది. ఒక్క ఆటలో తొమ్మిదిసార్లు చచ్చి తొమ్మిదిసార్లు లేచింది. ఇదేం ఆటే అని అడిగితే, "సస్తే ఏమైతది అమ్మమ్మా, యాడ్ చూస్తే లేస్తడు" అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆ మాట విన్నాక ఇంటికొచ్చి బీరువా అడుగు అరలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీశాను.

అప్పట్లో యూనివర్సిటీలో ఒక శాఖ ఆఫీసులో నేను టైపిస్టుని. తార్నాక నుంచి నడిచే వెళ్ళేదాన్ని, పద్దెనిమిది నిమిషాలు. 1993 చివర్లో వేరే శాఖవాళ్ళు కొత్తవి కొనుక్కుని వాళ్ళ పాత కంప్యూటరొకటి మాకు పంపారు. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు బయట విడిచి గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం, పని అయ్యాక దానికి పూల గుడ్డ కప్పేవాళ్ళం. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. అందులో ఒకే ఒక్క ఆట ఉండేది. పై నుంచి రకరకాల ఆకారాల ఇటుకలు రాలుతుంటే బాణం గుర్తుల మీటలతో తిప్పి, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది, సందులు మిగిలితే కుప్ప పెరిగి పైకప్పు తాకుతుంది. అక్కడితో ఆట సరి. దాన్నే మేము చావడం అనేవాళ్ళం. చస్తే చచ్చినట్టే, లేపడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

ఆ యంత్రం ఆపగానే మార్కులన్నీ మరిచిపోయేది. అందుకే నేను నోటుబుక్కు పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలా ఒక్క ఆట, అందరిలో తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు ఆ రోజు అందరి టిఫిన్ డబ్బాలూ వెనక కుళాయి దగ్గర కడగాలి. ఆడేది నలుగురం. శాఖాధిపతి మేడం, లెక్చరర్ మేడం, నేను, వారాసిగూడ నుంచి వచ్చే మా ఆయమ్మ. ఆయమ్మ నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది, నన్ను బిడ్డా అనేది. పందెం పెట్టుకోకముందు పదకొండేళ్ళుగా మా అందరి డబ్బాలూ ఆమే కడిగేది. ఆమె డబ్బా మాత్రం ఆ కుప్పలో ఎన్నడూ కలవలేదు, వరండాలో విడిగా తిని విడిగా కడుక్కునేది. ఆటలోకి వచ్చాక కూడా మొదటి వారం రోజులు డబ్బా ఇవ్వలేదు. నా డబ్బ మీరు కడుగుడేంది, మంచిగుండదు అని కొంగు చాటున దాచుకునేది. లెక్చరర్ మేడం పట్టుబట్టి లాక్కుని కుప్పలో పెట్టింది. నేను దాన్ని పద్నాలుగుసార్లు కడిగాను, లెక్చరర్ మేడం తొమ్మిదిసార్లు. శాఖాధిపతి మేడం ఒక్కసారీ కడగలేదు, ఆమె ఎప్పుడూ ఆఖరున రాలేదు.

ఆయమ్మకు అక్షరాలు రావు, కానీ ఆ ఇటుకలు ఆమె వేళ్ళకు ఎలా లొంగేవో చూసి తీరాల్సిందే. ఇంత బాగా ఎలా ఆడతావని ఒకసారి అడిగితే నవ్వి, "ఒక్క అర్రల ఎనిమిది మందిమి పండుకుంటం బిడ్డా, సందు యాడున్నదో సూసుడే నా పని" అంది.

1994 జూలై 12, మంగళవారం. శాఖాధిపతి మేడానికి ఆ రోజు చెయ్యి తిరగలేదు, 4,310 దగ్గర చచ్చిపోయింది. లెక్చరర్ మేడం, నేను ఆమెను దాటేశాం. మిగిలింది ఆయమ్మ ఒక్కతే. ఆమె కూడా దాటితే మేడం మొదటిసారి కుళాయి దగ్గరికి వెళ్ళాలి, ఆయమ్మ డబ్బాతో సహా. అది అందరికీ తెలుసు. ఆయమ్మ ఊపిరి బిగబట్టి ఆడింది. 4,310 దాటింది. 4,860 అయింది, కుప్ప ఇంకా సగం కూడా లేదు. అప్పుడు కరెంటు పోయింది.

నల్లటి తెర ముందు నలుగురం. మేడం వాచీ చూసుకుంది. నా చేతిలో పెన్ను ఉంది. ఆట పూర్తి కాలేదు ఆయమ్మా, పూర్తి కాని ఆటకు మార్కులుండవు అని చెప్పి సున్నా రాశాను. ఆయమ్మ కాసేపు నా పుస్తకం వైపు చూసింది.

"కరెంటు పోయింది గని, నేను సావలే గద బిడ్డా," అంది.

ఆమె లేచి నాలుగు డబ్బాలూ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. లెక్చరర్ మేడం మాత్రం ఆ పూట నాతో మాట్లాడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం వెనక్కి తిప్పాను. మార్చి 3, గురువారం. శాఖాధిపతి మేడం ఆడుతుండగా కరెంటు పోయిన రోజది. ఆ రోజు ఆమె పేరు ఎదురుగా నేను సున్నా రాయలేదు. 'రద్దు, రేపు మళ్ళీ' అని రాశాను, నా చేత్తోనే, గుండ్రంగా. అంటే నియమం నా పుస్తకంలో నాలుగు నెలల ముందే ఉంది, ఆయమ్మ దగ్గరికి వచ్చేసరికి దాన్ని నేనే మార్చాను. మేడం నన్నేమీ అడగలేదు, అడిగే అవసరం నేను రానివ్వలేదు. లెక్క తప్పని దాన్నని నాకున్న పేరు మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మళ్ళీ ఆడమని ఆయమ్మను పిలిచాను. కండ్లు గుంజుతున్నయి బిడ్డా అని వరండాలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ తరువాత ఆ మీటలు ముట్టలేదు, తన డబ్బా తానే కడుక్కుంది. పుస్తకంలో అక్కడి నుంచి మూడే పేర్లు. ఆమె రిటైరయి వెళ్ళేనాటికి ఆ కంప్యూటరును సామాను గదిలో పడేశారు.

మా కాలం ఆటలు గొప్పవని ఇప్పటి పిల్లల ముందు డాబులు చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నేనూ చెబుతాను. ఒక్క ప్రాణమే ఉండేది కాబట్టి దాన్ని కళ్ళలో పెట్టుకుని ఆడేవాళ్ళం, అందులో అబద్ధం లేదు. ఇప్పటి ఆటకు బిగువూ లేదు, సిగ్గూ లేదు. అయినా మొన్న ఆ నోటుబుక్కు తీసిన రాత్రంతా నా మనసు ఒక్క చోటే ఆగింది. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టే వీలు, ఆ మంగళవారం ఆయమ్మకు ఒక్కసారి కావలసి వచ్చింది. ఇవాళ అది చచ్చిన ప్రతి బొమ్మకూ క్రీము ప్రకటన వెంట ఊరికే వచ్చి పడుతోంది, దాని విలువ ఆడేవాళ్ళకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు.

జూలై 12 పేజీలో ఆ సున్నా పక్కన పెన్సిలుతో 4,860 అని ఉంది. ఆ సాయంత్రమే రాశాను, చూసిన అంకెను రాయకుండా ఉండలేక. ముప్పై ఏళ్ళు దాటాయి, పెన్సిలు గీత సగం చెరిగిపోయింది, సిరాతో పెట్టిన సున్నా మాత్రం ఇంకా నల్లగానే ఉంది.