మొలతాడుకు కట్టిన బటన్

ఆ బటన్‌ను మా బిడ్డ కరీంనగర్ నుంచి పట్టుకొచ్చిన రోజు మా ఆయన దాన్ని చేతిల తిప్పి తిప్పి చూసి, "గుండీ లెక్కనే ఉన్నది గదనే, నువ్వు మిషిన్ కుడుతవ్ గద, అంగికి కుట్టు" అన్నడు. ఎగతాళికే అన్నడు గని నాకు నవ్వు రాలే. అప్పటికి ఆయన గుండెల స్టెంట్ ఏసి నెల గూడ నిండలే. ఆ నెలంత నా కంటి మీద కునుకు లేదు, ఆయన జర దగ్గినా లేచి కూసునేదాన్ని.

చూస్తే రూపాయి బిళ్లంత ఉంటది. బ్లూటూత్‌తోటి ఫోన్‌కు కలుస్తది. ఒకసారి ఒత్తితే నాకు ఫోన్ రావాలె, రెండుసార్లు ఒత్తితే ఆయన ఏడున్నడో మ్యాపుతోటి బిడ్డకు మెసేజ్ పోవాలె. ఏ ఒత్తుకు ఏం కావాలెనో మనమే పెట్టుకోవచ్చట. మా బిడ్డ నర్సింగ్ చదువుతది, గివన్ని దానికి మంచిగ ఎరుక. "ఫోన్ తియ్యాలె, లాక్ తియ్యాలె, నంబర్ దేవులాడాలె. ఛాతీ పట్టుకున్నప్పుడు గవన్ని అయితయా బాపూ" అన్నది. మొదటిసారి నొప్పొచ్చినప్పుడు గదే అయింది మరి. చెమట పట్టిన ఏళ్లకు ఫోన్ పని చెయ్యలే.

ఇగ దాన్ని ఏడ కట్టాలెనో తెల్వక ఒక రోజంత లొల్లి. అంగికి పెడితే చేన్ల బాయికాడికి పోంగనే అంగి ఇప్పి కొమ్మకు తగిలేస్తడు. లుంగీ చెంగుకు కడితే లుంగీ మారుస్తడు. ఆఖరికి నేనే మొలతాడుకు కట్టిన. మొగోడు తానం చేసినా ఇప్పనిది గదొక్కటే గద. ఫోన్ దూరముంటే బటన్ ఉత్త ప్లాస్టిక్ బిళ్లనే అని బిడ్డ చెప్పింది, అందుకని జాకిట్లకు ఏసే లైనింగ్ ముక్కతోటి చిన్న సంచి కుట్టి ఫోన్‌ను ఆయన మెడల ఏసిన. "బడికి పోయే పోరని లెక్క తయారు చేసినవ్" అని గులిగిండు.

మొదటి వారం నా పానం తీసిండు. వంగితే చాలు బటన్ ఒత్తుకపోతది. నేను కత్తెర కింద పడేసి, "ఏమయ్యా, ఏమైంది" అంటే, "ఏం గాలే, మోటర్ కాడ వంగిన" అంటడు. నాకు తిట్లు గూడ సక్కగ వచ్చేటివి కావు. వారం తిరిగేసరికి వంగేటప్పుడు దాన్ని పక్కకు జరుపుకునుడు ఆయనకు అలవాటైంది. ఇగ ఫోన్ మోగుడు బందైంది. బందైతే నిమ్మళంగ ఉండాలె గద నేను. ఉండలే. మోగకుంటే ఇంకింత భయమైంది. మా చెన్నూరు నుంచి బాయికాడికి బండి మీద పోవాలె, తొవ్వ పొడుగుత ఇసుక లారీలు. చేరిండా, తొవ్వల పడ్డడా, మోటర్ కాడ పడ్డడా అని మిషిన్ మీద కూసున్న గని మనసంత గోడ గడియారం మీదనే ఉండేది.

ఒకనాడు నేనే అన్న, "బాయికాడికి చేరినంక ఒకసారి ఒత్తు, నేను చూసి కట్ చేస్త. గంతే, ఎత్తను."

గది మాకు పాత అలవాటు. ఆయన మస్కట్‌ల పద్దెనిమిది ఏండ్లు ఉన్నడు. ఆ రోజులల్ల మాట్లాడాలంటే మస్తు ఖర్చు. డ్యూటీ నుంచి రూముకు రాంగనే ఒక రింగు ఇచ్చేటోడు, నేను కట్ చేసేదాన్ని. రింగు అంటే మంచిగున్న అని, కట్ అంటే చూసిన అని. మా వాడకట్టుల గల్ఫ్‌కు పోయినోళ్ల ఇండ్లల్ల అందరు గంతే. పైసలు పడకుంట ఊకెనే మాట్లాడే ఫోన్లు వచ్చినంక గూడ మేం ఆ అలవాటు ఇడిసిపెట్టలే. ఆ కట్ చేసినంకనే నాకు బువ్వ తినబుద్దయ్యేది.

ఈ ముచ్చట బిడ్డకు తెలిసి కోపానికొచ్చింది. "అవ్వా, అది గందుకు తెచ్చింది గాదు. నిజంగ నొప్పొచ్చి ఒత్తితే నీకెట్ల తెలుస్తది" అన్నది. "నొప్పొస్తే ఒక్కసారి ఒత్తి ఊకుంటడా, మల్ల మల్ల ఒత్తుతడు తియ్" అన్న నేను. గట్టిగనే అన్న. నా నోటికి ఎదురు చెప్పేటోళ్లు ఇంట్ల తక్కువ. గని ఆ మల్ల మల్ల ఒత్తుమనే మాట నేను ఆయనకు ఒక్కనాడు గూడ చెప్పలే. నా మనసుల అనుకున్న, ఆయనకు తెలిసినట్టే అనుకున్న. ఆపదకు తెచ్చిన బటన్‌ను నా భయానికి మందు చేసుకున్న.

ఆ రోజు వానకాలం. ఆయన పొద్దుగాల్నే యూరియా కోసం లైన్ల నిలబడి, ఆడికెల్లి సీదా బాయికాడికి పోత అన్నడు. ఎప్పుడూ ఏడింటికి వచ్చే రింగు ఎనిమిదైనా రాలే. లైను పొడుగున్నది కావచ్చు అనుకున్న. తొమ్మిదైంది. ఫోన్ చేస్తె ఎత్తలే. లైన్ల ఉంటే సప్పుడు ఇనపడదు, బండి మీద ఉంటే ఎత్తడు, ఇట్ల నాకు నేనే చెప్పుకుంటున్న. ఒక జాకిట్‌కు చెయ్యి ఉల్టా కుట్టి మల్ల ఇప్పిన. యూరియా దుకాణం కాడికి పోయి చూద్దామని చెప్పులేసుకుని, అందరు నవ్వుతరని మల్ల ఇప్పిన.

పది గొట్టంగ ఫోన్ మోగింది. ఆయన పేరు పడ్డది.

కట్ చేసిన.

గుండె మీదికెల్లి బండ తీసినట్టయింది. "ఇప్పుడు యాదికొచ్చినమా సారుకు" అని నేనే తిట్టుకున్న. చాయ పెట్టుకున్న. రెండు బిస్కిట్లు ముంచుకొని తిన్న. ఉల్టా అయిన చెయ్యి సక్కగ కుట్టి, ఇంకో రెండు జాకిట్లకు హుక్కులేసిన. ఆ గంట నాకు ఏ ఫికర్ లేదు. స్టెంట్ ఏసినకాడికెల్లి అంత నిమ్మళంగ కూసున్న గంట గదొక్కటే, ఇప్పుడు లెక్క తీస్తే.

పదకొండు దాటినంక మల్ల మోగింది. ఈసారి పక్క చేనామె. కలుపు తీయనీకి వచ్చి చూసిందట. "అక్కా, బావ గట్టు మీద ఒరిగి ఉన్నడు, చెమటతోటి తడిసిండు, మాట సక్కగ వస్తలేదు, జల్ది రా" అన్నది. ఆమె గిన ఆ గట్టు దిక్కు రాకపోతే ఎట్లుండునో, ఇప్పటికీ ఆ మాట పూర్తిగ అనుకోలేను.

ఎట్ల పోయిన్నో, మంచిర్యాల దవాఖానకు ఎట్ల తెచ్చినమో నాకు సక్కగ యాదిలేదు. ఆయన తల నా ఒళ్లె ఉన్నది, మొలతాడుకు బటన్ ఏలాడుతున్నది, గదొక్కటే కండ్ల ముందట ఉన్నది. డాక్టర్ బయటికొచ్చి, పానానికి భయం లేదు గని గుండె బలం సగానికి పడిపోయింది, గంట ముందు తెస్తే ఇంత నష్టం కాకపోయేది అన్నడు. ఇగ మీదికి బరువు ఎత్తద్దు, చేనుకు పురుగుల మందు కొట్టద్దు, చేను కౌలుకిచ్చుకోండి అన్నడు. గంట ముందు. ఆ గంట నేను ఏం చేసిన్నో నాకు తెలుసు.

కరీంనగర్ నుంచి బిడ్డ గూడ వచ్చింది, పరీక్ష రాసిన అట్టతోటే వచ్చింది. ఆయనకు రెండో రోజు మాట మంచిగ వచ్చింది. మెల్లగ చెప్పిండు. లైన్లనే ఆలస్యమై, బాయికాడికి చేరంగనే తొందరల పురుగుల మందు కొట్టే డబ్బ ఎత్తుకున్నడట, ఛాతీల పట్టేసిందట. బటన్ ఒత్తిండట. "నువ్వు కట్ చేసినవ్ గద. చూసినవ్, ఇగ వస్తున్నవ్ అనుకున్న. గందుకే మల్ల ఒత్తలే. బిడ్డకు పరీక్షలు, దాన్నెందుకు ఆగం చేసుడు అని రెండుసార్లు గూడ ఒత్తలే. నువ్వు కట్ చేసినంక నాకు భయం పోయింది. తొవ్వ దిక్కు చూసుకుంట పండుకున్న" అన్నడు.

నేను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్న. చెప్పాలె అనుకున్న. చాయ తాగిన, హుక్కులేసిన అని నోటిదాక వచ్చింది.

"జర ఆలస్యమైనట్టుంది గదనే" అన్నడు.

"ఆటో దొరకలే" అన్న.

బిడ్డ నా మొఖం దిక్కు చూసింది. నేను దాని దిక్కు చూడలే. ఆయన నా చెయ్యి ఇడువలే. "గా ఆటోలోళ్లు గంతే, నిండేదాక కదలరు" అన్నడు. ఆ తర్వాత చూడనీకి వచ్చినోళ్లకందరికి గదే చెప్పిండు. పాపం, ఆటో దొరకక మస్తు పరేషాన్ అయింది, ఉరుక్కుంట వచ్చింది అని. డాక్టర్‌కు చెప్పిండు, పక్క చేనామెకు చెప్పిండు, బిడ్డకైతే రెండుసార్లు చెప్పిండు.

ఆటోల అడ్డ మా ఇంటి ముందటనే. పొద్దంత నాలుగైదు నిలబడే ఉంటయి. గది నాకు ఎంత ఎరుకనో ఆయనకు గూడ గంతే ఎరుక.